ఫ్లాట్‌లో కోడిపిల్లల బ్రూడర్: ఘాటు వాసన తగ్గడం లేదు, ఏం చేయాలి?

పద్మ_నిజాంపేట
అందరికీ నమస్కారం. మాది నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్. సిద్దిపేట దగ్గర మా ఊళ్లో పెరటి కోళ్లు పెంచుదామని 20 వనరాజా పిల్లలు తెచ్చాం. ఊళ్లో షెడ్డు పని ఇంకా అవలేదు, పైగా వానలు. రెక్కలు వచ్చేదాకా ఇక్కడే ఉంచుదామని చిన్న బెడ్‌రూంలో బ్రూడర్ (బల్బు వేడితో పిల్లలను పెంచే పెట్టె) పెట్టాం. మొదటి వారం ఏ ఇబ్బందీ లేదు. రెండో వారంలోకి వచ్చేసరికి తలుపు తీస్తే చాలు, కళ్లు మండుతున్నాయి. రోజూ పేపర్లు మారుస్తున్నాను. గదంతా ఫినాయిల్‌తో తుడిచి, సాయంత్రం సాంబ్రాణి వేస్తున్నాను. కాసేపు బాగుంటుంది, మళ్లీ మామూలే. మా అత్తమ్మకు ఆయాసం ఉంది, అదే నా టెన్షన్. పక్క ఫ్లాట్ వాళ్లు కూడా అడుగుతున్నారు. పిల్లలు మాత్రం చురుగ్గా తింటున్నాయి. అనుభవం ఉన్నవాళ్లు దారి చెప్పండి.

అత్తాపూర్_అసీల్
మేడం, పొడి సున్నం చల్లండి. అడుగున సున్నం, పైన పేపర్. మా ఇంట్లో నాన్న కాలం నుంచి ఇదే పద్ధతి. తడి లాగేస్తుంది, పురుగు పట్టదు.

శామీర్‌పేట్_ఫారం
అక్కా, ఏదైనా చల్లే ముందు కొన్ని సంగతులు చెప్పండి. పిల్లలు ఉన్నది అట్టపెట్టెలోనా, ప్లాస్టిక్ టబ్‌లోనా? పేపర్ కింద ఏముంది? నీళ్ల డ్రింకర్ ఎక్కడ పెట్టారు, దాని చుట్టూ తడిగా ఉంటుందా? బల్బు ఎన్ని వాట్లు, ఎంత ఎత్తులో ఉంది? పైన ఏమైనా కప్పారా? కిటికీ తీస్తున్నారా? మేత ఏది?
వాసన ఎక్కడి నుంచి పుడుతోందో తెలిస్తే సగం పని అయినట్టే. చాలాసార్లు అది రెట్టలో ఉండదు, నీళ్లలో ఉంటుంది.

పశువైద్యం_రిటైర్డ్
పద్మ గారూ, ముందుగా ఒక్క పని చేయండి. ఫినాయిల్, సాంబ్రాణి రెండూ ఈ రోజే ఆపేయండి. ఆ గదిలో అగరుబత్తి, దోమల కాయిల్, రూం స్ప్రే, కలరా ఉండలు కూడా వద్దు. పక్షుల ఊపిరితిత్తులు మన వాటిలా ఉండవు. గాలి సంచుల గుండా ఒళ్లంతా తిరిగే గాలి కాబట్టి పొగ, ఆవిరి వాటికి మనకంటే త్వరగా దెబ్బ తీస్తాయి. మీ అత్తగారికి కూడా ఆ పొగ మంచిది కాదు.

మీరు చెబుతున్న కళ్ల మంట అమ్మోనియా వల్ల. కోడి మనలా మూత్రం విడిగా పోయదు. రెట్ట మీద తెల్లగా కనిపించేదే దాని మూత్రం, అది యూరిక్ ఆమ్లం. పొడిగా ఉన్నంతసేపు అది దాదాపు వాసన లేకుండా పడి ఉంటుంది. తడి, వెచ్చదనం తగిలితే సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. బ్రూడర్‌లో వెచ్చదనం తీసేయలేం. తీసేయగలిగింది తడి ఒక్కటే. మొదటి వారం వాసన లేకపోవడానికి కారణం కూడా ఇదే: రెట్ట తక్కువ, సూక్ష్మజీవులు ఇంకా పెరగలేదు.

కోళ్ల షెడ్డులో అమ్మోనియా 25 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 25 పాళ్లు) దాటకూడదని అంటారు. మీ కళ్లు మండుతున్నాయంటే పిల్లలున్న ఎత్తులో అంతకంటే ఎక్కువే ఉండొచ్చు, ఎందుకంటే అది పుట్టేది వాటి కాళ్ల కిందే. ఆ ఘాటులో రోజులు గడిస్తే కంటి పొర ఎర్రబడుతుంది, శ్వాసనాళంలో మురికిని బయటికి నెట్టే సన్నని నూగు దెబ్బతింటుంది, ఆ తర్వాత జలుబు జబ్బులు సులువుగా పట్టుకుంటాయి. చురుగ్గా ఉన్నాయి కదా అని ఊరుకోవద్దు.

సున్నం ఇప్పుడు వేయకండి. కారణం తర్వాత రాస్తాను.

పద్మ_నిజాంపేట
ధన్యవాదాలు సర్. సాంబ్రాణి, ఫినాయిల్ ఆపేశాను.

శామీర్‌పేట్ అన్నా, వివరాలు ఇవి. టీవీ వచ్చిన పెద్ద అట్టపెట్టె. అడుగున ప్లాస్టిక్ కవర్, దాని మీద న్యూస్‌పేపర్లు మూడు నాలుగు వరసలు. ఒక మూల 100 వాట్ల బల్బులు రెండు. రాత్రి చలేస్తుందని పైన పాత దుప్పటి కప్పుతున్నాం, కొంచెం సందు వదిలి. డ్రింకర్ బల్బు పక్కనే ఉంది, పేపర్ మీదే పెట్టాను. అవును, దాని చుట్టూ ఎప్పుడూ తడిగానే ఉంటుంది, పిల్లలు అందులో కాళ్లు పెడతాయి. మేత బ్రాయిలర్ ప్రీ స్టార్టర్ (మాంసం కోళ్ల పిల్లలకు మొదట్లో పెట్టే మేత), రోజూ ఒక ఉడికించిన గుడ్డు కూడా చిదిమి పెడుతున్నాను. వాన జల్లు లోపలికి పడుతుందని కిటికీ మూసే ఉంచుతున్నాం.

శామీర్‌పేట్_ఫారం
అక్కా, మొత్తం అర్థమైంది. ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి, విడివిడిగా చూస్తే దొరకవు.

వేడితో మొదలుపెడదాం. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి దాదాపు 3 డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. అంటే మీ పిల్లలకు ఇప్పుడు 32 చాలు. ఈ వానాకాలంలో మన హైదరాబాద్‌లో గది లోపలే 27, 28 ఉంటుంది. పిల్లకు 2 వాట్లు అనేది మా లెక్క, 20 పిల్లలకు 40 వాట్లు సరిపోతాయి. మీరు 200 వాట్లు పెట్టి దుప్పటి కప్పారు. పిల్లలు ఉడికిపోతూ నీళ్లు ఎక్కువ తాగుతాయి, ఎక్కువ తాగితే రెట్ట పలచబడుతుంది. పలచని రెట్ట పేపర్ మీద పడుతుంది. కింద ప్లాస్టిక్ ఉంది కాబట్టి దిగిపోదు, పైన దుప్పటి ఉంది కాబట్టి ఆవిరై బయటికీ పోదు. ఇక ఘాటు రాక ఏమవుతుంది?

థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి గుంపుగా చేరి అరుస్తుంటే చలి. గోడల వైపు జరిగి, నోరు తెరిచి, రెక్కలు ఎడంగా పెడితే వేడి. టబ్ నిండా పరుచుకుని కొన్ని తింటూ కొన్ని పడుకుంటూ ఉంటే సరిగ్గా ఉన్నట్టు. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూడండి.

60 వాట్ల బల్బు ఒక్కటి ఉంచండి, ఒక చివరే. రెండో చివర చల్లగా ఉండాలి, వాటికి నచ్చిన చోటికి అవే జరుగుతాయి. దుప్పటి తీసేసి ఇనుప జాలీ వేయండి. బల్బు వేడికి దుప్పటి అంటుకునే ప్రమాదం కూడా ఉంది, అది మరీ ముఖ్యం. బల్బును వైరుతో కాకుండా గట్టి తాడుతో గానీ గొలుసుతో గానీ వేలాడదీయండి.

రెండోది డ్రింకర్. తడిలో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే వస్తుంది. దాన్ని బల్బు నుంచి దూరంగా, చల్లని చివరకు మార్చండి. ఒక వెడల్పాటి ట్రే మీద జాలీ ముక్క పరిచి, దాని మీద డ్రింకర్ పెట్టండి. ఒలికిన నీళ్లు ట్రేలోకి పోతాయి, పిల్లల కాళ్లకు తగలవు. అంచు ఎత్తు పిల్ల వీపు ఎత్తుకు సరిగ్గా ఉండాలి, అవి పెరిగేకొద్దీ కింద చెక్కముక్క పెట్టి పెంచుకుంటూ పోవాలి. అంచు తక్కువగా ఉంటే గీరి గీరి లోపలికి పొట్టు, రెట్ట వేస్తాయి, నీళ్లు చిమ్ముతాయి. నిపుల్ డ్రింకర్ (పొడిస్తే చుక్క చుక్కగా నీళ్లు వచ్చేది) పెడితే ఇంకా మంచిది, రెండు రోజుల్లో నేర్చుకుంటాయి.

అట్టపెట్టె పారేయండి. అది తడిని పీల్చుకుంది, ఇక పేపర్లు ఎన్ని మార్చినా వాసన అట్టలోంచే వస్తుంది.

అత్తాపూర్_అసీల్
వేడి, నీళ్ల సంగతి ఒప్పుకుంటాను. సున్నం ఎందుకు వద్దంటున్నారో మాత్రం చెప్పాలి సర్. చుట్టుపక్కల ఫారాలన్నీ చల్లుతాయి. మా ఇంట్లో పుంజులు దాని మీదే పెరిగాయి.

పశువైద్యం_రిటైర్డ్
మీ ప్రశ్న న్యాయమైనది. సున్నం తడిని పీల్చడం నిజమే, క్రిములను చంపడమూ నిజమే. చిక్కు ఎక్కడంటే, అది క్షారం. లిట్టర్ (పిల్లల కింద పరిచిన పొట్టు, పేపర్, రెట్ట) పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 కంటే తక్కువ ఉన్నప్పుడు అమ్మోనియా చాలావరకు అమ్మోనియం రూపంలో లిట్టర్‌లోనే చిక్కుకుని ఉంటుంది. పీహెచ్ 8 దాటితే గాలిలోకి లేస్తుంది. ఇప్పటికే రెట్టతో తడిసిన చోట సున్నం పోస్తే, లోపల పట్టి ఉన్నదంతా ఒక్కసారి బయటికి తన్నుకొస్తుంది. పెద్ద ఫారంలో నాలుగు వైపులా గాలి ఆడుతుంది, అది ఎగిరిపోతుంది. బ్యాచ్ ఎత్తేశాక ఖాళీ షెడ్డులో వేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. మీ పుంజులు ఆరుబయట, పెద్ద వయసులో ఉన్నాయి. పద్మ గారిది మూసిన బెడ్‌రూం, పిల్లల వయసు రెండు వారాలు. తడి సున్నం వాటి లేత పాదాలను, కళ్లను కాలుస్తుంది కూడా.

కట్టెల బూడిదకూ ఇదే లెక్క. అదీ క్షారమే.

కీసర_కోళ్లు
మరి వంటసోడా? యూట్యూబ్‌లో చాలామంది చెబుతున్నారు. వెనిగర్ నీళ్లలో కలిపి స్ప్రే చేయమని కూడా. నా దగ్గర 12 గ్రామప్రియ పిల్లలు ఉన్నాయి, బాల్కనీలో పెట్టాను.

పశువైద్యం_రిటైర్డ్
వంటసోడా క్షారం వైపే ఉంటుంది, అమ్మోనియాను పట్టి ఉంచదు. వెనిగర్ ఆమ్లం కాబట్టి సిద్ధాంతం సరిగ్గానే ఉంది, కానీ స్ప్రే అంటే మళ్లీ నీళ్లే చేరుస్తున్నాం. ఫారాల్లో అల్యూమినియం సల్ఫేట్, సోడియం బైసల్ఫేట్ లాంటి ఆమ్ల లవణాలు వాడతారు, మన దగ్గర సూపర్ ఫాస్ఫేట్ కూడా. అవి వేల కోళ్ల మధ్య లిట్టర్ మార్చడం కుదరని చోట్ల పనికొస్తాయి. 12 పిల్లలు, 20 పిల్లల దగ్గర చేత్తో తడి తీసేయడం కంటే మంచి మందు లేదు. పైగా పిల్లలు కింద కనిపించిన ప్రతిదాన్నీ పొడిచి మింగుతాయి, ఎరువుల పొడులు వాటి ముందు పెట్టొద్దు.

మిద్దెతోట_మల్కాజిగిరి
పద్మ గారూ, పేపర్ మానేసి వరిపొట్టు వేయండి. పేపర్ మీద రెట్ట అలాగే తడిగా కూర్చుంటుంది. నున్నగా ఉండి పిల్లల కాళ్లు జారి బయటికి వంకరపోయే ప్రమాదం కూడా ఉంది. వరిపొట్టు రెండు మూడు అంగుళాల మందంలో పోస్తే రెట్ట పైపొరలో ఎండిపోతుంది.

నేను వాడి చూసినవి చెబుతాను. వరిపొట్టు దుమ్ము తక్కువ, ఖర్చు తక్కువ, రైస్‌మిల్లు ఉన్న చోట ఎక్కడైనా దొరుకుతుంది. నీళ్లు మరీ ఎక్కువగా పీల్చదు, కానీ త్వరగా ఆరుతుంది. వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు వచ్చే చెక్క పొట్టు ఇంకా బాగా పీలుస్తుంది, అయితే అసలు చెక్కది మాత్రమే తీసుకోవాలి. ప్లైవుడ్, ఎండీఎఫ్ కోసిన పొడిలో జిగురు ఉంటుంది. రంపపు పొట్టు మరీ సన్నం, పిల్లలు మేత అనుకుని తింటాయి, దుమ్ము లేస్తుంది. నర్సరీలో దొరికే కొబ్బరిపొట్టు ఇటుకలు నీళ్లలో నానబెట్టి విడదీసేవి కాబట్టి ఈ వానల్లో ఆరబెట్టడం కష్టం. వేరుశనగ పొట్టు బాగుంటుంది, బూజు పట్టకుండా చూసుకోవాలి. ఏ పొట్టు అయినా సంచి తెరవగానే ముక్కవాసన వస్తే తిరిగి ఇచ్చేయండి, ఆ బూజుతో పిల్లల ఊపిరితిత్తులకు జబ్బు వస్తుంది.

శామీర్‌పేట్_ఫారం
అక్క చెప్పింది కరెక్ట్. లిట్టర్ తడి చూడటానికి మేం చేసే పరీక్ష ఒకటి ఉంది. గుప్పెడు తీసి గట్టిగా పిసకండి. చెయ్యి తెరవగానే ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువ. ముద్ద కాస్త నిలిచి వెంటనే విడిపోతే బాగున్నట్టు. అసలు అంటకుండా దుమ్ములా జారిపోతే మరీ పొడి, పిల్లలకు తుమ్ములు వస్తాయి. తేమ 25 శాతం దగ్గర ఉంటే వాసన రాదు.

డ్రింకర్ చుట్టూ, ఫీడర్ చుట్టూ అట్టు కట్టిన భాగాన్ని రోజూ చిన్న పారతో ఎత్తేసి, అంతే కొత్త పొట్టు పోయండి. మిగతాదాన్ని చేత్తో కలియబెట్టండి. కలిపేటప్పుడు కిటికీ తెరిచి ఉండాలి, కింద పట్టినదంతా ఒకసారి లేస్తుంది. మొత్తం లిట్టర్ రోజూ తీసేయనక్కర్లేదు. మీది చిన్న టబ్, ఇంట్లో ఉంది కాబట్టి వారానికి ఒకసారి మొత్తం మార్చేయండి. రెండు టబ్‌లు ఉంచుకుంటే ఒకటి కడిగి ఆరేలోపు పిల్లలను రెండోదాంట్లో వేయొచ్చు.

మేత గురించి చెప్పడం మర్చిపోయాను. బ్రాయిలర్ ప్రీ స్టార్టర్‌లో మాంసకృత్తులు దాదాపు 23 శాతం. వనరాజాకు 20 శాతం ఉన్న చిక్ స్టార్టర్ చాలు. ఒంటికి పట్టగా మిగిలిన మాంసకృత్తులు యూరిక్ ఆమ్లంగా రెట్టలోకే పోతాయి. రోజూ గుడ్డు పెట్టనక్కర్లేదు, మిగిలిన ముక్కలు పొట్టులో పడి కుళ్లితే అదొక వాసన. మేత ఒక్కసారిగా మార్చకండి, మూడు నాలుగు రోజులు పాతది కొత్తది కలిపి ఇవ్వండి.

కూకట్‌పల్లి_వర్షిణి
మా అపార్ట్‌మెంట్‌లో ఇలాగే గొడవ అయింది కాబట్టి ఒక మాట. గాలి కోసం ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టేటప్పుడు అది ఎటు వదులుతుందో చూసుకోండి. బాత్రూంల డక్ట్‌లోకి వదిలితే పై ఫ్లాట్ల వాళ్లందరి ఇంట్లోకీ పోతుంది. బయటికి తెరుచుకునే కిటికీకే పెట్టండి. తలుపు కింద సందులోంచి ఇంటి గాలి లోపలికి, ఫ్యాన్ నుంచి బయటికి పోతుంటే హాల్లోకి వాసన రాదు.

శామీర్‌పేట్_ఫారం
మంచి మాట. గాలి గదికి తగలాలి, పిల్లలకు సూటిగా తగలకూడదు. టబ్ గోడలు అడుగున్నర ఎత్తు ఉంటే పైన గాలి ఆడుతుంది, కింద ఈదర కొట్టదు. సీలింగ్ ఫ్యాన్ కింద టబ్ పెట్టొద్దు.

పద్మ_నిజాంపేట
అందరికీ చాలా థాంక్స్. పెద్ద ప్లాస్టిక్ టబ్ తెచ్చాను, పొడవు 3 అడుగులు, వెడల్పు 2. వరిపొట్టు మా ఊరి మిల్లు నుంచి తమ్ముడు రెండు సంచులు పంపాడు. 60 వాట్ల బల్బు ఒకటే, దుప్పటి లేదు. డ్రింకర్ జాలీ మీద పెట్టాను. కిటికీ పైన రేకు అడ్డం పెట్టించి తెరిచే ఉంచుతున్నాం. కళ్ల మంట పూర్తిగా పోయింది. పిల్లలు కూడా బల్బు నుంచి దూరంగా పడుకోవడం మానేశాయి.

ఒక భయం మాత్రం ఉంది. మధ్యమధ్యలో కొన్ని రెట్టలు ముదురు గోధుమ రంగులో, జిగురుగా, విపరీతమైన కంపుతో వస్తున్నాయి. మిగతావి గట్టిగా, తెల్ల టోపీతో బాగానే ఉన్నాయి. ఇది జబ్బా?

పశువైద్యం_రిటైర్డ్
జబ్బు కాదు. కోడి పేగు చివర రెండు గుడ్డి సంచుల్లాంటివి ఉంటాయి, సీకం అంటారు. అక్కడ పులిసినది విడిగా ఖాళీ అవుతుంది. సుమారు ఎనిమిది పది రెట్టలకు ఒకటి అలా వస్తుంది, మెత్తగా, చాక్లెట్ రంగులో, దుర్వాసనతో. కనబడగానే పారతో ఎత్తేయండి, గదిలో వాసన చాలా తగ్గుతుంది.

భయపడాల్సింది వేరే ఉంది. రెట్టలో ఎర్రటి రక్తం, పిల్ల ముడుచుకుని రెక్కలు వాల్చి కూర్చోవడం, మేత మానేయడం. అది కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు కావచ్చు. మూడో వారం నుంచి ఆరో వారం మధ్య, తడి లిట్టర్‌లో ఎక్కువ. అలాంటిది ఒక్కటి కనిపించినా ఆగకుండా రెట్ట నమూనాతో దగ్గరి పశువైద్యశాలకు గానీ, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి గానీ వెళ్లండి. సొంతంగా యాంటీబయాటిక్ పోయకండి.

మీ అత్తగారి గురించి కూడా చెప్పాలి. అమ్మోనియా తగ్గినా పిల్లల ఈకల పొట్టు, మేత దుమ్ము గాలిలో ఉంటాయి. మూడో వారం నుంచి కొత్త ఈకలు వచ్చేటప్పుడు అది బాగా పెరుగుతుంది. ఆవిడను ఆ గదిలోకి రానివ్వకండి. పొడి చీపురుతో ఊడ్చకుండా తడిబట్టతో తుడవండి, మీరు మాస్క్ పెట్టుకోండి. డ్రింకర్, టబ్ వంటగది సింక్‌లో కడగొద్దు, పిల్లలను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఆరోగ్యంగా కనిపించే పిల్లల్లో కూడా మనకు కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా క్రిమి ఉండొచ్చు.

శామీర్‌పేట్_ఫారం
అక్కా, మీ టబ్ 6 చదరపు అడుగులు. 20 పిల్లలకు ఇప్పటికే ఇరుకు, రెండు వారాల వరకు పిల్లకు అర చదరపు అడుగు, ఆ తర్వాత ఒక చదరపు అడుగు కావాలి. ఇరుకైన కొద్దీ ఒక్కో అడుగు మీద పడే రెట్ట పెరుగుతుంది, ఎంత శుభ్రం చేసినా వాసన మళ్లీ వస్తుంది. రెండో టబ్ ఉంటే సగం సగం చేయండి, లేదా గదిలో ఒక మూల అట్టలతో గుండ్రంగా చిక్ గార్డ్ కట్టి నేల మీదే పొట్టు పోయండి. నాలుగో వారం దాటి ఒంటి నిండా ఈక వచ్చాక ఊరికి పంపేయండి, ఫ్లాట్‌లో అంతకంటే ఎక్కువ రోజులు కుదరదు.

అత్తాపూర్_అసీల్
సర్ చెప్పిన పీహెచ్ సంగతి నాకు కొత్త. పిల్లల దగ్గర సున్నం ఆపుతున్నాను, షెడ్డు ఖాళీ అయినప్పుడే వేస్తాను. పద్మ మేడం, ఊళ్లో షెడ్డు కడుతున్నారు కదా, నేలను చుట్టూ ఉన్న భూమి కంటే అడుగు ఎత్తు లేపించండి. వాన నీళ్లు లోపలికి వస్తే మీ కష్టమంతా పోతుంది.

పద్మ_నిజాంపేట
షెడ్డు ఎత్తు మాట మేస్త్రీకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను అన్నా. చిక్ గార్డ్ కట్టేశాం, గది సగం వాటికే ఇచ్చేశాం. చివరగా రెండు అడగాలి. తీసేసిన పొట్టును చెత్త బండికి వేయడానికి మనసు రావడం లేదు, మొక్కలకు వాడొచ్చా? పిల్లలు వెళ్లాక టబ్‌లను బ్లీచింగ్ పౌడర్‌తో కడగొచ్చా?

మిద్దెతోట_మల్కాజిగిరి
అయ్యో, చెత్త బండికి వేయకండి! అది బంగారం. కానీ పచ్చిగా కుండీల్లో వేస్తే వేళ్లు మాడిపోతాయి. మూత ఉన్న డ్రమ్ముకు అడుగున, పక్కలా చిల్లులు పెట్టి, ఎండుటాకులు ఒక పొర, ఈ పొట్టు ఒక పొర వేసుకుంటూ పోండి. వారానికోసారి తిప్పండి. ఘాటు వస్తే ఎండుటాకులు ఇంకా వేయాలని అర్థం. వరిపొట్టు నిదానంగా కుళ్లుతుంది, మూడు నాలుగు నెలలు పట్టొచ్చు. మట్టి వాసన వచ్చాక వంగ, టమాట, బెండ కుండీలకు వేయండి. ఆకుకూరలకు పూర్తిగా మాగినదే వాడాలి, అవి మట్టికి దగ్గరగా పెరుగుతాయి. డ్రమ్ము పెట్టడానికి చోటు లేకపోతే సంచిలో కట్టి నాకు ఇవ్వండి, మా మేడ మీద ఎంతైనా పడుతుంది.

పశువైద్యం_రిటైర్డ్
బ్లీచింగ్ దగ్గర జాగ్రత్త. రెట్ట, పొట్టు అంటుకుని ఉన్న టబ్ మీద నేరుగా బ్లీచింగ్ పోస్తే, ఆ రెట్టలోని అమ్మోనియాతో కలిసి క్లోరమిన్ అనే విషవాయువు వస్తుంది. మూసిన బాత్రూంలో అది చాలా ప్రమాదం. ముందు పొడిగా గీకేయండి. తర్వాత సబ్బు నీళ్లతో రుద్ది, మంచి నీళ్లతో రెండుసార్లు కడగండి. వాసన పూర్తిగా పోయాకే బ్లీచింగ్ నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, మళ్లీ కడగండి. ఇదంతా బాల్కనీలోనో మేడ మీదో చేయండి, అత్తగారు పడుకున్న గది కిటికీ మూసి. టబ్ ఎండలో బాగా ఆరాకే లోపలికి తీసుకురండి.